క్యూజీఐఎస్‌లో సీఎస్‌వీ, జియోజేసన్ ఫైళ్లను సవరించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చెరువులు, బోరుబావులు, బడులు, అంగన్‌వాడీలు, రేషన్ దుకాణాలు: ఊరి వివరాలు ఎవరు సేకరించినా చివరికి చేతికి వచ్చేది చాలాసార్లు కామాలతో విడదీసిన టెక్స్ట్ పట్టిక, అంటే ఒక సీఎస్‌వీ ఫైలే. దాన్ని పటం మీద పెట్టి, తప్పులు దిద్ది, మళ్లీ టెక్స్ట్‌గానే నలుగురికీ పంచాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలు ఇవి. ఇక్కడ చెప్పే పద్ధతులు ఉచితంగా దొరికే పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌కు, దాని 3 శ్రేణి కూర్పులకు సంబంధించినవి. ఉదాహరణలు ఎక్కువగా చెరువుల జాబితాల నుంచే తీసుకున్నాను. నా చేతుల మీదుగా ఎక్కువగా వెళ్లినవి అవే. ఫైల్లోకి వెళ్లవలసిన మాటలను, సూత్రాలను ఇక్కడ తెలుగు లిపిలో చూపించాను. మీరు టైపు చేసేటప్పుడు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి.

సీఎస్‌వీని తెరిచాను. చుక్కలు సరైన చోటే ఉన్నాయి. కానీ సవరణ మొదలుపెట్టే పెన్సిల్ గుర్తు వెలసిపోయి ఉంది, నొక్కితే పని చేయడం లేదు. ఎందుకు?

మీరు లేయర్ మెనూలోని 'యాడ్ డీలిమిటెడ్ టెక్స్ట్ లేయర్' ద్వారా తెరిచి ఉంటారు. ఆ దారిలో వచ్చిన ఫైలును క్యూజీఐఎస్ చదువుతుందే గానీ అందులో రాయదు. మీ కంప్యూటర్లో లోపం లేదు, ఫైలు పాడవలేదు, అనుమతుల సమస్య కూడా కాదు.

ఇలా ఎందుకు ఉందో ఫైలు వైపు నుంచి ఆలోచిస్తే అర్థమవుతుంది. టెక్స్ట్ ఫైలు అంటే అక్షరాలు వరుసగా గుచ్చిన పొడవాటి దండ. 57వ వరుసలో 'ఊర చెరువు' అని ఉన్నదాన్ని 'ఊర పెద్ద చెరువు' అని మారిస్తే ఆ తర్వాతి అక్షరాలన్నీ జరగాలి. అంటే ఫైలు మొత్తం తిరగరాయాలి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఏ కాలమ్ రేఖాంశమో, ఏది అక్షాంశమో ఫైల్లో రాసి ఉండదు. తెరిచేటప్పుడు మీరు ఎంచుకున్నదే ఆధారం. ఇప్పుడు ఒక చుక్కను పది మీటర్లు పక్కకు జరిపారనుకోండి. కొత్త విలువను ఎన్ని దశాంశాలతో రాయాలి? పాత విలువ డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటే కొత్తదాన్నీ అలాగే రాయాలా? ఫైలు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పదు. జవాబు తెలియనప్పుడు మూలాన్ని ముట్టుకోకపోవడమే మేలని నా గట్టి నమ్మకం. ఊళ్లు తిరిగి సేకరించిన జాబితా అది. పొరపాటున ఒక్క నొక్కుతో మారిపోకూడదు.

అయితే సవరించడానికి దారి ఏది?

మూడు దారులున్నాయి. నేను దాదాపు ఎప్పుడూ మొదటిదే పట్టుకుంటాను.

లేయర్ పేరు మీద కుడి నొక్కు నొక్కి 'ఎక్స్‌పోర్ట్', అందులో 'సేవ్ ఫీచర్స్ యాజ్' ఎంచుకొని జియోప్యాకేజ్‌గా భద్రపరచండి. 2018లో వచ్చిన క్యూజీఐఎస్ 3.0 నుంచి ఈ ఫైలు రకమే అక్కడ ముందుగా కనిపిస్తుంది. ఇది ఒకే ఫైలుగా ఉండే చిన్న డేటాబేస్. పెన్సిల్ గుర్తు పని చేస్తుంది, చుక్కలు జరుగుతాయి, పేర్లు మారతాయి. పని పూర్తయ్యాక మళ్లీ 'సేవ్ ఫీచర్స్ యాజ్'తో సీఎస్‌వీగా బయటికి తీయండి. అప్పుడు కనిపించే 'జామెట్రీ' ఎంపికలో 'యాజ్ ఎక్స్‌వై' ఎంచుకుంటే చుక్కల నిరూపకాలు రెండు కాలమ్‌లుగా వస్తాయి. 'యాజ్ డబ్ల్యూకేటీ' అంటే ఆకారం మొత్తం ఒకే కాలమ్‌లో వస్తుంది. ఏదీ ఎంచుకోకపోతే స్థానం లేని ఉత్త పట్టిక వస్తుంది. చాలామంది ఇక్కడే జారిపడతారు. ఫైలు పంపిన వారం తర్వాత, అందులో నిరూపకాలు లేవని అవతలివాళ్లు చెబితే గానీ తెలియదు.

రెండో దారి: లేయర్‌ను అలాగే ఉంచి, ఫైలును పక్కన ఒక టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి దిద్దడం. డీలిమిటెడ్ టెక్స్ట్ కిటికీలో కింద 'వాచ్ ఫైల్' అనే గడి ఉంటుంది. దానికి టిక్కు పెట్టి తెరిస్తే, ఎడిటర్‌లో భద్రపరచిన మార్పును క్యూజీఐఎస్ గమనించి మళ్లీ చదువుకుంటుంది. పది పదిహేను అక్షరదోషాలు దిద్దడానికి ఇంతకంటే సులువైన పద్ధతి లేదు.

మూడోది: అదే సీఎస్‌వీని 'యాడ్ వెక్టర్ లేయర్' ద్వారా తెరవడం. అప్పుడు జీడాల్ అనే వేరే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ దాన్ని చదువుతుంది. దానికి సీఎస్‌వీలో రాయడం కూడా తెలుసు. కాబట్టి పట్టికలోని విలువలను అక్కడికక్కడే మార్చుకోవచ్చు. భద్రపరచినప్పుడల్లా అసలు ఫైలే మారుతుంది కాబట్టి నకలు తీసుకోకుండా ఈ దారిలో అడుగు పెట్టకండి.

హైదరాబాద్ చెరువుల జాబితా తెరిస్తే చుక్కలన్నీ ఉత్తర ధ్రువం దగ్గర పడ్డాయి. ఏం జరిగింది?

అక్షాంశం, రేఖాంశం తారుమారయ్యాయి. చార్మినార్‌నే తీసుకుందాం. దాని అక్షాంశం 17.3616, రేఖాంశం 78.4747. మనం నోటితో చెప్పేటప్పుడు అక్షాంశం ముందు చెబుతాం. బడిలో నేర్చుకున్నదీ అదే వరుస. పటం సాఫ్ట్‌వేర్ మాత్రం ఎక్స్, వై అంటుంది. ఎక్స్ అంటే అడ్డంగా కొలిచేది, అంటే రేఖాంశం. వై అంటే నిలువుగా కొలిచేది, అంటే అక్షాంశం. ఎక్స్ గడిలో 17.3616, వై గడిలో 78.4747 పెడితే చార్మినార్ వెళ్లి నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, మంచు కొండల మధ్య కూర్చుంటుంది. తిరుపతి కూడా ఆ దీవులకే చేరుతుంది. విజయవాడ, విశాఖపట్నం అయితే ఇంకా పైన ఆర్కిటిక్ సముద్రంలో పడతాయి.

మన రెండు రాష్ట్రాలవాళ్లకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. మన అక్షాంశాలన్నీ సుమారు 12 నుంచి 20 లోపు, రేఖాంశాలన్నీ సుమారు 76 నుంచి 85 లోపు ఉంటాయి. రెండు శ్రేణులు ఎక్కడా కలవవు. కాబట్టి ఏది ఏదో అంకె చూడగానే చెప్పేయవచ్చు. కొన్ని వరుసలే తారుమారైన ఫైళ్లు కూడా వస్తుంటాయి. ఇద్దరు ముగ్గురు కలిసి నింపిన జాబితాల్లో ఇది మామూలే. అప్పుడు రేఖాంశం కాలమ్‌లో 30 కంటే తక్కువ విలువ ఉన్న వరుసలను ఎంపిక చేసి, వాటికి మాత్రమే రెండు విలువలనూ, కాలమ్‌ను సూత్రంతో నింపే ఫీల్డ్ కాలిక్యులేటర్‌తో మార్పిడి చేయండి. మొదటి విలువను తాత్కాలికంగా మూడో కాలమ్‌లో దాచుకోవడం మరిచిపోకండి. దాచుకోకుండా మొదటిదానిలో రెండోది రాస్తే మొదటిది పోయినట్టే.

చుక్కలు ఆఫ్రికా పడమటి తీరాన గినియా సింధుశాఖలో, సరిగ్గా సున్నా దగ్గర గుంపుగా పడితే అవి నిరూపకాలు నింపని వరుసలు. ఖాళీ గడిలో ఎవరో 0 రాశారు. వాటిని తీసేయకండి. విడిగా పక్కన పెట్టి, సేకరించినవాళ్లను అడగండి.

సర్వే నంబర్లు తేదీలుగా మారిపోయాయి. తిరిగి తెచ్చుకోవచ్చా?

ఒకసారి చెరువు శిఖం (చెరువు నీరు నిలిచే) భూముల జాబితా ఒకటి నా దగ్గరికి వచ్చింది. సర్వే నంబరు కాలమ్‌లో 12/3 ఉండవలసిన చోట 12-మార్చి అని ఉంది. 5/2 ఉండవలసిన చోట 5-ఫిబ్రవరి. 112/2, 87/అ లాంటివి మాత్రం చెక్కుచెదరలేదు. అందుకే పైపైన చూసినవాళ్లెవరికీ తప్పు కంటపడలేదు. మధ్యలో ఎవరో ఆ సీఎస్‌వీ మీద రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరిచి, చూసి, అలవాటుగా భద్రపరచి మూసేశారు. జరిగింది అంతే. తేదీలా కనిపించేదాన్ని తేదీగా మార్చడం ఎక్సెల్ స్వభావం. సీఎస్‌వీలోకి తిరిగి రాసేటప్పుడు అది మార్చిన రూపాన్నే రాస్తుంది.

తిరిగి తెచ్చుకోవడం అన్నిసార్లూ కుదరదు. కంప్యూటర్ తేదీ పద్ధతి భారతీయమైతే 12/3 అన్నది 12-మార్చి అవుతుంది. అమెరికా పద్ధతిలో ఉంటే అదే అంకె 3-డిసెంబర్ అవుతుంది. ఏ యంత్రం మీద పాడైందో తెలియకపోతే 12/3 ఏదో 3/12 ఏదో చెప్పలేం. అవి రెండు వేర్వేరు భూములు. మేము చివరికి పహాణీ నకళ్లు ముందు పెట్టుకొని ఒక్కొక్క వరుసా సరిచూశాం. ఒక రైతు పొలం చెరువు శిఖంలో ఉన్నట్టు పటం చూపిస్తే దాని పర్యవసానం ఏమిటో ఊళ్లో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఒక నియమం పెట్టుకోండి: సీఎస్‌వీని ఎప్పుడూ రెండుసార్లు నొక్కి తెరవవద్దు. లిబ్రాఫీస్ కాల్క్ అయితే తెరిచే ముందే ఒక కిటికీ చూపించి, ఏ కాలమ్ ఏ రకమో అడుగుతుంది. సర్వే నంబరు కాలమ్‌ను 'టెక్స్ట్' అని చెప్పండి. ఎక్సెల్‌లోనే చేయాలంటే 'డేటా' ట్యాబులోని 'ఫ్రమ్ టెక్స్ట్' దారిలో తెచ్చుకొని అక్కడ అదే మాట చెప్పండి. అన్నిటికంటే మేలైనది, పట్టిక సవరణను కూడా క్యూజీఐఎస్‌లోని ఆట్రిబ్యూట్ టేబుల్‌లోనే చేసుకోవడం.

కోడ్ల ముందున్న సున్నాలు కూడా పోతున్నాయి. 0047 కాస్తా 47 అవుతోంది.

ఇక్కడ తప్పు క్యూజీఐఎస్‌ది కూడా కావచ్చు. కాలమ్ నిండా అంకెలే కనిపిస్తే అది సంఖ్య అనుకుంటుంది. తెరిచేటప్పుడు 'డిటెక్ట్ ఫీల్డ్ టైప్స్' గడిలో టిక్కు తీసేస్తే అన్నీ అక్షరాలుగానే వస్తాయి. శాశ్వతమైన పరిష్కారం కావాలంటే సీఎస్‌వీటీ ఫైలు పెట్టుకోండి. మీ ఫైలు పేరు 'చెరువులు' అయితే అదే ఫోల్డరులో, అదే పేరుతో, చివర సీఎస్‌వీటీ అని ఇంకొక చిన్న ఫైలు ఉంచాలి. అందులో ఒకటే వరుస: ఒక్కో కాలమ్ రకాన్ని కొటేషన్ గుర్తుల మధ్య, కామాలతో వేరు చేస్తూ, "స్ట్రింగ్","స్ట్రింగ్","రియల్","రియల్","ఇంటిజర్" అని రాస్తే చాలు. ఫైలును ఎవరికి పంపినా ఈ రెండిటినీ కలిపి పంపండి.

తెలుగు పేర్లు చదవడానికి వీల్లేకుండా పోయాయి.

ముందు అవి ఎలా పాడయ్యాయో చూడాలి. దాన్ని బట్టే ఆశ ఉందో లేదో తెలుస్తుంది.

తల మీద చిన్న గీత ఉన్న ఇంగ్లీషు 'ఏ' అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే 'ఏ', మళ్లీ డిగ్రీ గుర్తు, ఇలా కనిపిస్తుంటే మీ పేర్లు భద్రంగా ఉన్నాయి. తెలుగు అక్షరం ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు తీసుకుంటుంది. మొదటి రెండు బైట్లు చాలా అక్షరాలకు ఒకటే. ఆ బైట్లను పాశ్చాత్య భాషల సంకేతాలుగా పొరపాటున చదివితే ఈ వింత జంటే పదేపదే వస్తుంది. ఏమీ భద్రపరచకుండా మూసేసి, మళ్లీ తెరిచేటప్పుడు 'ఎన్‌కోడింగ్' గడిలో యూటీఎఫ్-8 ఎంచుకోండి. పేర్లన్నీ తిరిగి వస్తాయి.

ప్రశ్న గుర్తులు వరుసగా కనిపిస్తుంటే మాత్రం అవి పోయాయి. తెలుగుకు చోటు లేని సంకేత పద్ధతిలో ఎవరో భద్రపరచారు. ప్రతి అక్షరం స్థానంలో ప్రశ్న గుర్తే ఫైల్లో రాసి ఉంది. పాత నకలు వెతకడం తప్ప వేరే మార్గం లేదు. ఎక్సెల్ నుంచి సీఎస్‌వీగా భద్రపరచేటప్పుడు మామూలు 'సీఎస్‌వీ' కాకుండా 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అన్న ఎంపికే తీసుకోవడం ఇందుకే.

మూడో రకం మన దగ్గర ఎక్కువ. డీటీపీ కేంద్రంలో అను ఫాంట్లలో టైపు చేయించిన జాబితాలు కాగితం మీద చక్కటి తెలుగు. ఫైల్లో మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగాపులగం. అది యూనికోడ్ కాదు. ఎన్‌కోడింగ్ మార్చితే బాగుపడదు. ముందు యూనికోడ్‌లోకి మార్చే సాధనంతో మార్చుకొని, ఒత్తులు, పొల్లులు కళ్లతో ఒకసారి సరిచూసుకొని, ఆ తర్వాతే సీఎస్‌వీలో పెట్టండి.

రెండు ఫైళ్లలోనూ ఊరి పేరు ఒకేలా ఉంది. అయినా ఆ పేరు మీద రెండు పట్టికలనూ కలిపే జాయిన్ కావడం లేదు.

కంటికి కనిపించని అక్షరం ఉండి ఉంటుంది. తెలుగు టైపు చేసేటప్పుడు పొల్లు అక్షరం తర్వాతి అక్షరానికి ఒత్తుగా అతుక్కోకుండా ఆపడానికి వెడల్పు లేని ఒక అక్షరం వాడతాం. కొన్ని కీబోర్డులు దాన్ని పదం చివర కూడా వదిలేస్తాయి. 'ఆదిలాబాద్' తర్వాత అది ఉన్న పేరు, లేని పేరు మనకు ఒకటే. కంప్యూటర్‌కు రెండు వేరు. ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో 'రిప్లేస్' సూత్రానికి పేరు కాలమ్, క్యారెక్టర్ 8204, ఖాళీ కొటేషన్ ఇస్తే అది తొలగిపోతుంది. ఆ 8204 ఈ అక్షరం యూనికోడ్ సంఖ్య. ముందూ వెనకా మిగిలిన ఖాళీలకు 'ట్రిమ్' ఉంది. దీన్ని జాయిన్ కోసం తీసుకున్న ప్రత్యేక కాలమ్‌లోనే చేయండి. అసలు పేరులో తీసేస్తే మధ్యలో అవసరమైన చోట కూడా పోయి, అక్షరాలు అతుక్కుపోతాయి.

అయినా పేర్ల మీద జాయిన్ చేయవద్దనే చెబుతాను. ఒకే మండలంలో రెండు కొత్తపల్లులు ఉండవచ్చు. ఒకే ఊరిని ముగ్గురు మూడు రకాలుగా రాస్తారు. గ్రామ కోడ్ దొరికితే దాన్నే ఆధారం చేసుకోండి.

చుక్కలు సరే. కాలువ గీతను, చెరువు హద్దును టెక్స్ట్‌లో ఎలా రాస్తారు?

డబ్ల్యూకేటీ అనే పద్ధతిలో. చుక్క అయితే ఇలా ఉంటుంది: పాయింట్(78.4747 17.3616). రేఖాంశం, ఒక ఖాళీ, అక్షాంశం. ఒకే జంటలోని రెండు అంకెల మధ్య కామా ఉండదు. కామా వచ్చేది రెండు శీర్షాల మధ్య. గీత అయితే లైన్‌స్ట్రింగ్, హద్దు అయితే పాలిగాన్. హద్దుకు కుండలీకరణాలు రెండు జతలు కావాలి: పాలిగాన్((78.10 17.20, 78.12 17.20, 78.12 17.22, 78.10 17.20)). మొదటి శీర్షం, చివరి శీర్షం ఒకటే కావడం గమనించండి. బయలుదేరిన చోటికి తిరిగి రాకపోతే అది హద్దు కాదు. రెండో జత ఎందుకంటే, చెరువు మధ్యలో దిబ్బ ఉంటే దాని హద్దును లోపల ఇంకొక కుండలీకరణంలో రాయాలి.

ఇందులో కామాలు ఉన్నాయి కాబట్టి సీఎస్‌వీలో ఈ మొత్తాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. లేదా కాలమ్‌లను సెమికోలన్‌తో విడదీయాలి. చేత్తో రాసేటప్పుడు నేను సెమికోలన్ వైపే మొగ్గుతాను. ఒకే ఫైల్లో చుక్కలు, గీతలు, హద్దులు కలిసి ఉంటే డీలిమిటెడ్ టెక్స్ట్ లేయర్ ఒకసారికి ఒక రకాన్నే చూపిస్తుంది. మిగతావి కనిపించకపోతే కంగారు పడకండి. అదే ఫైలును రకం మార్చి మళ్లీ తెరవండి.

చేత్తో రాసిన హద్దులను 'చెక్ వాలిడిటీ'తో ఒకసారి పరీక్షించండి. శీర్షాల వరుస తప్పి హద్దు తనను తానే అడ్డంగా కోసుకుంటే విస్తీర్ణం తప్పుగా వస్తుంది.

ఒక్క శీర్షం నిరూపకాన్ని అంకెగానే మార్చాలి. మౌస్‌తో జరిపితే కచ్చితంగా రావడం లేదు.

సవరణ మొదలుపెట్టి 'వర్టెక్స్ టూల్' తీసుకొని ఆ ఆకారం మీద కుడి నొక్కు నొక్కండి. పక్కన వర్టెక్స్ ఎడిటర్ తెరుచుకొని శీర్షాలన్నీ పట్టికగా కనిపిస్తాయి. ఎక్స్, వై విలువలను నేరుగా అక్కడే దిద్దవచ్చు. డబ్ల్యూకేటీని చేత్తో దిద్దడం కంటే ఇది ఎంతో క్షేమం. మార్చిన శీర్షం పటం మీద ఎటు కదిలిందో వెంటనే కనిపిస్తుంది.

టెక్స్ట్‌గా ఉన్న ఆకారాన్ని ఫైలు చేయకుండానే పటం మీద చూడవచ్చా?

చూడవచ్చు. ఈ సదుపాయం చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. డబ్ల్యూకేటీ వరుసను ఎక్కడి నుంచైనా నకలు చేసుకొని, ఎడిట్ మెనూలో 'పేస్ట్ ఫీచర్స్ యాజ్', అందులో 'టెంపరరీ స్క్రాచ్ లేయర్' నొక్కండి. వెంటనే లేయర్ తయారవుతుంది. ఎవరైనా మెయిల్లో ఒక చెరువు హద్దును పంపితే నేను ముందు ఇలాగే చూస్తాను. తిరుగు ప్రయాణమూ ఉంది. పటం మీద కొన్ని ఆకారాలను ఎంపిక చేసి కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే వాటి డబ్ల్యూకేటీ, పట్టిక వివరాలు టెక్స్ట్‌గా వస్తాయి. 'ఆప్షన్స్'లోని 'డేటా సోర్సెస్' పేజీలో దాన్ని, ఆకారాలను టెక్స్ట్‌గా రాసే ఇంకొక పద్ధతి అయిన జియోజేసన్‌గా కూడా మార్చుకోవచ్చు. స్క్రాచ్ లేయర్ తాత్కాలికం. క్యూజీఐఎస్ మూసేస్తే పోతుంది. కావాలనుకుంటే ముందే భద్రపరచుకోండి.

చుక్కను జరిపాను, భద్రపరచాను. పట్టికలో అక్షాంశం, రేఖాంశం పాత విలువలే చూపిస్తున్నాయి. ఏది నిజం?

చుక్క ఉన్న చోటే నిజం. సీఎస్‌వీని జియోప్యాకేజ్‌గా మార్చినప్పుడు స్థానం విడిగా ఆకారంగా నమోదవుతుంది. పాత రెండు కాలమ్‌లు మామూలు పట్టిక వివరాలుగా మిగిలిపోతాయి. ఆ రెండిటికీ ఇక సంబంధం లేదు. ఈ స్థితిలో సీఎస్‌వీగా బయటికి తీస్తే ఒకే వరుసలో కొత్త ఎక్స్, వై ఒకచోట, పాత అంకెలు ఇంకొకచోట ఉంటాయి. అందుకున్నవాళ్లు తమకు అర్థమయ్యే పేరున్న పాత కాలమ్‌లనే వాడతారు. మీరు పడ్డ శ్రమంతా వృథా అవుతుంది.

ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో రేఖాంశం కాలమ్‌కు డాలర్ గుర్తు, దాని వెంటనే ఎక్స్; అక్షాంశం కాలమ్‌కు డాలర్ గుర్తు, వై ఇస్తే కొత్త విలువలు వచ్చేస్తాయి. ప్రతిసారీ చేయడం మరిచిపోతామనుకుంటే లేయర్ ప్రాపర్టీస్‌లో 'ఆట్రిబ్యూట్స్ ఫామ్'కు వెళ్లి, ఆ కాలమ్‌ల 'డిఫాల్ట్' గడిలో అవే సూత్రాలు రాసి, 'అప్లై డిఫాల్ట్ వాల్యూ ఆన్ అప్‌డేట్' దగ్గర టిక్కు పెట్టండి. ఆ తర్వాత చుక్కను జరిపినప్పుడల్లా అంకెలు వాటంతట అవే మారతాయి. నా ప్రతి చెరువుల ఫైల్లోనూ ఇది మొదటి రోజే పెట్టుకుంటాను.

జియోజేసన్‌ను నేరుగా సవరించవచ్చా?

సవరించవచ్చు. పెన్సిల్ గుర్తు పని చేస్తుంది. అది కూడా టెక్స్టే అయినా, ఆకారం ఎక్కడుందో, ఏ క్రమంలో రాయాలో ఆ పద్ధతిలోనే నిర్ణయమై ఉంది. 2016 ఆగస్టులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7946 అనే ప్రమాణం ప్రకారం రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 పద్ధతిలోనే ఉండాలి. సందేహాలకు తావు లేదు కాబట్టే సాఫ్ట్‌వేర్ ధైర్యంగా రాయగలుగుతోంది.

భద్రపరచినప్పుడు ఫైలు మొత్తం తిరగరాస్తుంది కాబట్టి పెద్ద ఫైళ్లతో నెమ్మదిస్తుంది. వేల హద్దులున్న ఫైలైతే జియోప్యాకేజ్‌లో సవరించి చివర్లో ఒక్కసారి జియోజేసన్‌గా తీయండి. టెక్స్ట్ ఎడిటర్‌లో దిద్దేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు, జాబితాలో చివరి అంశం తర్వాత కామా వదిలేయడం. ఆ ఒక్క కామాతో ఫైలు తెరుచుకోదు. వివరణ కోసం పక్కన వ్యాఖ్య రాసుకోవడానికి కూడా అందులో వీల్లేదు.

నిరూపకాలకు ఎన్ని దశాంశాలు ఉంచాలి?

ఆరు చాలు. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. ఐదో దశాంశం అంటే సుమారు ఒక మీటరు, ఆరోది 11 సెంటీమీటర్లు. ఫోను జీపీఎస్ కొన్ని మీటర్ల తేడాతో చూపించే చోట పద్నాలుగు అంకెలు రాయడం వల్ల ఫైలు బరువు పెరగడమే. రెండో మూడో దశాంశం దగ్గర ఆపేసిన జాబితాలు మాత్రం నిజంగా పనికిరావు. రెండు దశాంశాలంటే కిలోమీటరు మేర అనుమానం. చెరువు పక్క ఊళ్లో పడుతుంది.

ఫైల్లో డిగ్రీలు లేవు. ఆరంకెల సంఖ్య ఒకటి, ఏడంకెల సంఖ్య ఒకటి ఉన్నాయి.

అవి మీటర్లు. చాలావరకు, భూమిని నిలువు పట్టీలుగా (జోన్లుగా) విడగొట్టి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో ఉంటాయి. తూర్పు విలువ ఆరంకెలు, ఉత్తర విలువ ఏడంకెలు. మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ఉంది. అది 44వ జోన్, దాని నిరూపక పద్ధతి కోడ్ ఈపీఎస్‌జీ 32644. కానీ అనంతపురం, నారాయణపేట, జహీరాబాద్ 78కి పడమర ఉన్నాయి కాబట్టి 43లోకి, ఇచ్ఛాపురం 84కి తూర్పున ఉంది కాబట్టి 45లోకి వస్తాయి. రాష్ట్రమంతటికీ ఒకే కోడ్ వేసేముందు ఆ అంచుల నుంచి వచ్చిన వరుసలు ఏ జోన్‌లో కొలిచారో అడిగి తెలుసుకోండి. సీఎస్‌వీ తనంతట తాను ఏ పద్ధతిలో ఉందో చెప్పదు.

ఇక్కడ అందరూ తడబడే విషయం ఒకటుంది. 'సెట్ లేయర్ సీఆర్ఎస్' (సీఆర్ఎస్ అంటే నిరూపక పద్ధతి) అంకెలను మార్చదు. ఈ అంకెలు ఫలానా పద్ధతివి అని చెప్పడం మాత్రమే చేస్తుంది. మీటర్ల నుంచి డిగ్రీలకు నిజంగా మార్చాలంటే, ముందు సరైన పద్ధతి ఏదో చెప్పి, తర్వాత 'సేవ్ ఫీచర్స్ యాజ్'లో ఈపీఎస్‌జీ 4326 (డిగ్రీల్లో ఉండే డబ్ల్యూజీఎస్ 84) ఎంచుకొని కొత్త ఫైలు తీయాలి. మీటర్ల ఫైలుకు 4326 అని పేరు పెట్టినంత మాత్రాన అది డిగ్రీలు కాదు.

ఒకవేళ ఫైల్లో డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు ఉంటే మార్పిడి అక్కర్లేదు. తెరిచే కిటికీలో 'డీఎంఎస్ కోఆర్డినేట్స్' గడికి టిక్కు పెడితే చదువుకుంటుంది.

షేప్‌ఫైల్‌గా భద్రపరచకూడదా?

తెలుగులో పని చేసేవాళ్లు వీలైనంత దూరంగా ఉండండి. అందులో కాలమ్ పేరుకు పది బైట్లే చోటు. తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు కాబట్టి 'చెరువు' అన్న చిన్న మాట కూడా పట్టదు.

జిల్లాలు మారాయి. వందల వరుసల్లో జిల్లా పేరు ఒక్కొక్కటిగా మార్చాలా?

అక్కర్లేదు. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకు ముందు సేకరించిన ప్రతి జాబితాలోనూ ఈ పని ఉంటుంది. పాత పేరు స్థానంలో కొత్త పేరు పెట్టే పద్ధతి ఇక్కడ పని చేయదు. పాత కృష్ణా జిల్లాలో విజయవాడ వైపున్నవి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి, మచిలీపట్నం వైపున్నవి కృష్ణాలోనే ఉన్నాయి. పేరును బట్టి తేల్చలేం, చోటును బట్టే తేలుతుంది. కొత్త జిల్లాల హద్దుల లేయర్ తెచ్చుకొని 'జాయిన్ ఆట్రిబ్యూట్స్ బై లొకేషన్' నడిపితే ప్రతి చెరువుకూ అది ఉన్న జిల్లా పేరు పక్కన కొత్త కాలమ్‌లో చేరుతుంది. పాత జిల్లా కాలమ్‌ను తీసేయవద్దు. పాత రికార్డులతో పోల్చుకోవడానికి అదే ఆధారం.

ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ ఫైలు కూడా టెక్స్టే కదా, దాన్నీ ఇలాగే సవరించవచ్చా?

క్యూజీఐఎస్ దాన్ని చదువుతుంది, రాయదు. దానికి జేఓఎస్ఎం అనే ఎడిటర్ వాడండి. మీ ఊరి తెలుగు పేరును 'నేమ్ కోలన్ టీఈ' అనే ట్యాగులో చేర్చితే తెలుగు పేర్లు చూపించే పటాలన్నిటికీ ఉపయోగపడుతుంది.

ముగ్గురం కలిసి ఒకే ఫైలు దిద్దుతున్నాం. ఒకరి మార్పులు ఇంకొకరు చెరిపేస్తున్నారు.

టెక్స్ట్ ఫైలుకు ఉన్న గొప్ప బలం ఇక్కడే ఉపయోగపడుతుంది. రెండు కూర్పులను పక్కపక్కన పెడితే ఏ వరుసలో ఏ అక్షరం మారిందో కనిపిస్తుంది. గిట్ లాంటి సాధనం ఆ తేడాను పేరుతో, సమయంతో సహా దాచిపెడుతుంది. డేటాబేస్ ఫైల్లో ఆ సౌలభ్యం లేదు. అందుకని సవరణ ఎవరి జియోప్యాకేజ్‌లో వాళ్లు చేసుకున్నా, పంచుకునే ప్రతి సీఎస్‌వీ కూడా మూడు విషయాల్లో ఒకేలా ఉండాలి: కాలమ్‌ల వరుస, దశాంశాల సంఖ్య, ఐడీ ప్రకారం అమరిక. ఈ మూడిట్లో ఏది తప్పినా, ఒక్క పేరు దిద్దినందుకు ఫైలంతా మారినట్టు కనిపించి తేడా చూడటం అసాధ్యమవుతుంది. ఐడీని ఎప్పటికీ మార్చకండి. ఒక చెరువును జాబితా నుంచి తొలగించినా దాని ఐడీని కొత్త చెరువుకు ఇవ్వకండి. గిట్ అలవాటు లేకపోతే కనీసం మండలాలవారీగా ఫైళ్లు విడగొట్టి, ఎవరి మండలం వాళ్లే దిద్దుకునేలా పంచుకోండి. నెలకొకసారి ఒకరే కూర్చొని అన్నిటినీ కలపాలి.